నెగెబులో ఎండ, వాన, వరద: దక్షిణ దేశపు వాతావరణ చరిత్రయు మన ప్రసంగములును

ఉపోద్ఘాతము

సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట మేము ఒక పల్లె సంఘములో ఉజ్జీవ కూటములకు వర్తమానికులుగా వెళ్లియుంటిమి. అది అనంతపురం ప్రాంతము. వరుసగా రెండేండ్లు వేరుశనగ ఎండిపోయిన కాలము. ఆ రాత్రి మేము చెప్పిన మాట ఇది: యూదులు చెదరగొట్టబడినప్పుడు పరిశుద్ధ దేశములో వానలు నిలిచిపోయినవి, 1948లో వారు తిరిగి వచ్చినప్పుడు వానలును తిరిగి వచ్చినవి, కాబట్టి ఎడారి పూయుచున్నది. ఈ మాటను మేము ఒక కరపత్రములో చదివితిమి, అంతకు ముందు ఇద్దరు ముగ్గురు బోధకుల నోట వింటిమి. ఎన్నడు విచారించలేదు.

కూటము ముగిసిన తరువాత సంఘ పెద్దలలో ఒక రైతు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆ దేశములో పంట వానతో పండుతున్నదా, పైపుతో పండుతున్నదా?" అని అడిగెను. మాయొద్ద జవాబు లేదు. అతడు మరల, "భక్తి ఉన్న చోటికి వాన వస్తుందంటే మరి మా చేలకు ఎందుకు రాలేదంటారు?" అనెను. ఆ ప్రశ్నలో వెటకారము లేదు, బాధ యున్నది. మనము విచారించక చెప్పిన ఒక చరిత్ర మాట, వాన రాని ఊరిలోని విశ్వాసి మీద ఎంత బరువు మోపునో ఆ రాత్రి మాకు తెలిసినది.

ఈ వ్యాసములో మేము చేయదలచినది మూడు పనులు. మొదటిది, బైబిలు "దక్షిణ దేశము" అని పిలిచిన నెగెబు ఎడారిలో ఎండయు వానయు ఏ రీతిగా నడచునో వివరించుట. రెండవది, ఆ ఎడారి చరిత్రలో పచ్చగా ఉన్న కాలమెప్పుడు, ఎందువలన ఉండెను, ఎందువలన పోయెను అని పరిశీలించుట. మూడవది, దీనివలన మన ప్రసంగములలో సరిదిద్దుకొనవలసినవి ఏవో చెప్పుకొనుట.

1. పేరును దేశమును

"నెగెబు" అను హెబ్రీ మాటకు మూలార్థము ఎండిపోయినది అని. యూదా కొండలకు ఆ ఎండిన నేల దక్షిణమున ఉండుటచేత, ఆ మాటకే క్రమముగా దక్షిణ దిక్కు అను అర్థము కూడ వచ్చెను. మన తెలుగు అనువాదకులు అనేక చోట్ల ఈ రెండవ అర్థమును తీసికొని దక్షిణ దేశము, దక్షిణ భూమి, దక్షిణ దిక్కు అని వ్రాసిరి. తప్పు కాదు గాని, తెలుగు చదువరికి ఒక నష్టము కలిగినది. అబ్రాహాము దక్షిణముగా ప్రయాణము చేసెను (ఆది. 12:9) అని చదివినప్పుడు మనకు ఒక దిక్కు మాత్రమే తోచును, అతడు పచ్చిక తగ్గిపోవు నేలలోనికి మందలతో దిగుచున్నాడని తోచదు. ఆ తరువాతి వచనములోనే కరువు వచ్చుట ఆశ్చర్యము కాదు.

కొత్త నిబంధనలో కూడ ఇట్టి చిక్కు ఒకటి కలదు. అపొ. కార్య. 8:26లో ఫిలిప్పు గాజా మార్గమునకు పంపబడినప్పుడు వాడబడిన గ్రీకు మాటకు దక్షిణము అనియు మధ్యాహ్నము అనియు రెండు అర్థములున్నవి. ఏది తీసికొనినను ఆ త్రోవ అరణ్యమార్గమే. అట్టి త్రోవలో నీళ్లు కనబడుట ఆ నపుంసకునికి ఎంత అబ్బురమో దేశమును ఎరిగినవారికి తెలియును.

నెగెబు త్రిభుజాకారముగా నుండును. పై అంచు గాజా నుండి మృత సముద్రము వరకు. క్రింది కొన ఎర్ర సముద్రపు అఖాబా సింధుశాఖ యొద్ద ఏలతు. ఉత్తరమున బెయేర్షెబా చుట్టు గాలికి కొట్టుకొని వచ్చిన సన్నని పసుపు మన్ను మేటవేసియున్నది. నడుమ రాతి కొండలు, దక్షిణమున గులకరాతి మైదానములు. ఇసుక దిబ్బలు పడమటి అంచున మాత్రమే విస్తారము. ఎడారి అనగానే ఇసుక అని తలంచు మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

2. ఎండ, గాలి, మంచు

మన దేశములో వేసవి అనగా మార్చి నుండి మే వరకు. ఎండ ముదిరి ముదిరి జూన్‌లో ఋతుపవనముతో విరుగును. వేసవి చివర వాన మనకు ప్రకృతి ధర్మము. నెగెబులో ఈ క్రమము లేదు. అక్కడ జూన్ నుండి సెప్టెంబరు వరకు వేసవి. ఆ నాలుగు నెలలలో వాన దాదాపు శూన్యము. ఉపోష్ణమండలపు అధిక పీడనము ఆ దేశము మీద మూతవలె నిలుచును. పైనుండి దిగు గాలి వేడెక్కి, సముద్రము నుండి వచ్చు తేమ పైకి లేవకుండ అణచివేయును. మబ్బు కనబడినను కురియదు. సామెతలు 26:1లో వేసవిలో మంచు, కోతకాలములో వర్షము పొసగవని చెప్పబడుట ఈ నేలనెరిగిన మాట. 1 సమూ. 17లో కాదు గాని 1 సమూ. 12:17-18లో గోధుమ కోతకాలమున సమూయేలు ప్రార్థనకు ఉరుములు, వాన వచ్చినప్పుడు జనులు ఎందుకు భయపడిరో దీనివలన అర్థమగును. మన ఊరిలో కోతకాలపు వాన నష్టము. అక్కడ అది అద్భుతము.

ఎండ తీవ్రతను గూర్చియు ఒక అపోహ కలదు. నెగెబు ఎండ రెంటచింతల ఎండకంటె మించినదని మనము అనుకొందుము. ఏలతులో జూలై పగటి వేడిమి సగటున 40 డిగ్రీలు దాటునది నిజమే. గాని బెయేర్షెబాలో అది 33, 34 డిగ్రీలు. కొండప్రాంతములలో ఇంకను తక్కువ. మే నెలలో రామగుండము, కొత్తగూడెము చూచినవారికి ఇది గొప్ప ఎండగా తోచదు. నెగెబును ఎడారిగా చేయునది వేడిమి కన్న పొడితనము. మధ్యాహ్నము దాటిన తరువాత మధ్యధరా సముద్రపు గాలి లోపలికి వీచి ఉపశమనము కలిగించును. రాత్రి ఆకాశము నిర్మలముగా నుండుటచేత నేల వేడి త్వరగా పైకి పోయి చలి వేయును. పగటి ఎండకు, రాత్రి మంచుకు క్షీణించితినని యాకోబు లాబానుతో చెప్పినది (ఆది. 31:40) వేరొక దేశములోని అనుభవమైనను, ఇక్కడి గొల్లవానికిని అదే కథ.

నిజముగా భయపెట్టు ఎండ నడివేసవిలో కాదు, ఋతువుల సంధిలో వచ్చును. వసంతమున, ముఖ్యముగా ఏప్రిల్, మే నెలలలో, ఆఫ్రికా ఉత్తర తీరము వెంబడి అల్పపీడనములు తూర్పునకు కదలును. వాటి ముందు భాగమున దక్షిణపు, తూర్పు ఎడారుల గాలి లాగబడి వచ్చును. అరబ్బులు దీనిని ఖమ్‌సీన్ అందురు. హెబ్రీయులు షారావ్ అందురు. శరత్కాలమున కూడ ఇట్టి గాలులు వచ్చును. కొన్ని గంటలలో వేడిమి పది, పదిహేను డిగ్రీలు పెరుగును, గాలిలో తేమ నూటికి పది పాళ్ళకు దిగిపోవును, ధూళిచేత ఆకాశము పసుపు రంగగును. ఒక్క దినములో అడవి పూలన్నియు మాడిపోవును. యోనా 4:8లోని వేడిమిగల తూర్పు గాలి, హోషేయ 13:15లో ఊటలను ఇంకజేయు గాలి ఈ జాతివి. లూకా 12:54-55లో ప్రభువు జనులతో పలికిన వాతావరణ శాస్త్రము నేటికిని చెల్లును: పడమట సముద్రము మీద మబ్బు లేచిన వాన, దక్షిణపు గాలి విసరిన వడగాలి. పాలస్తీనాలో ప్రతి రైతు ఎరిగిన సూచనలను ఆయన వాడెను.

వాన లేని నెలలలో ఈ నేలకు దొరకు తడి మంచు మాత్రమే. సముద్రపు గాలి మోసికొని వచ్చిన తేమ చల్లని రాత్రి రాళ్ల మీద, ఆకుల మీద దిగును. నెగెబు కొండలలో సంవత్సరమునకు సగము రాత్రులలో మంచు పడునని కొలతలు చూపినవి. అదంతయు కలిపినను 30 మి.మీ.కు కొంచెము మించును. సూర్యుడు లేవగానే పోవును. హోషేయ 6:4లో ఇశ్రాయేలు భక్తి ప్రాతఃకాలపు మంచుతో పోల్చబడుట ఎంత ఖచ్చితమైన పోలికయో గమనించవలెను. ఆ మంచు అబద్ధము కాదు, నిలువదు, అంతే.

3. వానయు వరదయు

నెగెబు వానకాలము అక్టోబరు చివర నుండి ఏప్రిల్ వరకు. చలికాలమున కుప్ర ద్వీపము దగ్గర ఏర్పడు అల్పపీడనములు సముద్రము నుండి వాన తెచ్చును. ఉత్తరమునకు ఎక్కువ, దక్షిణమునకు పోను పోను తక్కువ. యెరూషలేములో సంవత్సరమునకు సుమారు 550 మి.మీ., బెయేర్షెబాలో 200, అవ్దాత్ కొండ యొద్ద 100 కన్న తక్కువ, ఏలతులో 30 మాత్రమే. మన అనంతపురము వర్షపాతము కూడ సుమారు 550 మి.మీ. అనగా మనము పాలు తేనెలు ప్రవహించు దేశపు రాజధానిగా ఊహించు యెరూషలేమును, మనము కరువు సీమ అనుకొను అనంతపురమును వాన కొలతలో దాదాపు సమానము. తేడా ఏమనగా, అక్కడ వాన చలికాలమున పడును, ఎండ తక్కువ గనుక నేలలో నిలుచును. ఇక్కడ వేడిమి కాలమున పడి త్వరగా ఆవిరియగును.

ఇక్కడ మన అనువాదములోని "తొలకరి వాన" అను మాటను గూర్చి కూడ హెచ్చరిక అవసరము. తెలుగు రైతుకు తొలకరి అనగా మృగశిర కార్తె, జూన్ నెల. బైబిలు తొలకరి అక్టోబరు, నవంబరు నెలలలో విత్తుటకు ముందు వచ్చునది. కడవరి వాన మార్చి, ఏప్రిల్ నెలలలో గింజ పాలు పట్టువేళ వచ్చునది. పంచాంగము వేరు, ఆశ ఒక్కటే.

నెగెబు వానకు మరియొక లక్షణము కలదు. శరత్కాలమునను వసంతమునను ఎర్ర సముద్రము మీదుగా ఉత్తరమునకు చాచుకొను అల్పపీడన ద్రోణి కొన్నిసార్లు బలపడి, దక్షిణ నెగెబులో అకస్మాత్తుగా ఉరుముల వాన కురిపించును. ఒక లోయలో కుండపోత, ప్రక్క లోయలో చుక్క లేదు. అక్కడి సన్నని మన్ను మొదటి చినుకులకే పైపొర గట్టిపడి మూసికొనును. నీరు ఇంకదు, జారును. రాతి కొండ సరేసరి. అందుచేత సంవత్సరమంతయు ఎండియుండు వాగు కొన్ని నిమిషములలో గోడవలె లేచిన నీటితో నిండును. వాన ఎక్కడనో ఎగువ కొండలలో పడియుండును. దిగువ నిలిచినవాని నెత్తిమీద ఆకాశము నిర్మలము.

ఈ సంగతి తెలిసిన తరువాత 2 రాజులు 3:16-20 చదివి చూడవలెను. మూడు సైన్యములు నీళ్లు లేక చావు ముంగిట నున్నవి. గాలియు వానయు కనబడకున్నను లోయ నీళ్లతో నిండునని, కాబట్టి గోతులు త్రవ్వుడని ఎలీషా చెప్పెను. ఉదయమున ఎదోము మార్గమున నీళ్లు వచ్చెను. ఎడారి వరద నడచు తీరే ఇది. ఇట్లనుటచేత అద్భుతము తగ్గదు. ఆ వేళకు, ఆ చోటికి, ముందుగా చెప్పబడి వచ్చుటలో దేవుని కార్యము కలదు. మనుష్యుల పాలికి వచ్చినది గోతులు త్రవ్వుట. త్రవ్వనిచో వచ్చిన వరద నిలువక పోయియుండును.

కీర్తన 126:4 కూడ ఇట్టిదే. దక్షిణ దేశపు ప్రవాహములు అని చదివి, మేము ఒకప్పుడు కృష్ణా కాలువలవలె ఏడాది పొడుగున పారు ఏరులను వర్ణించియుంటిమి. కీర్తనకారుడు చూచినది ఎండిన వాగు. చెర తిప్పబడుట క్రమక్రమముగా కాదు, ఒక్క రాత్రిలో వాగు వచ్చినట్లు రావలెనని అతని ప్రార్థన. అదే వాగును యోబు (6:15-20) మరియొక ప్రక్క నుండి చూచెను: చలికాలమున నిండియుండి, ఎండకాలమున ఆశపడి వచ్చిన తేమా వర్తకులను మోసగించిన వాగు వంటి స్నేహితులు. ఒకే వాగు ఒకరికి ఆశ, ఒకరికి ద్రోహము.

4. ఎడారిలో ఆరు పట్టణములు

ఇట్టి నేలలో క్రీ.శ. నాలుగవ శతాబ్దము నుండి ఆరవ శతాబ్దము వరకు ఆరు పట్టణములు వర్ధిల్లినవనిన నమ్మశక్యము కాదు. ఎలూసా, రుహైబె, సోబాతా, నెస్సానా, ఓబోదా, మాంప్సిస్. వీటిలో అనేకము మొదట నబాతీయులు పేత్రా నుండి గాజాకు సాంబ్రాణి మోసిన ఒంటె మార్గమున వెలసినవి. 106లో రోమీయులు నబాతీయ రాజ్యమును కలుపుకొనిరి. తరువాత క్రైస్తవ చక్రవర్తుల కాలమున ఈ మజిలీలు వ్యవసాయ పట్టణములైనవి. హిలరియోను అను సన్యాసి ఎలూసాకు వచ్చినప్పుడు అక్కడివారు ఇంకను వీనసు పండుగ చేయుచుండిరని జెరోము వ్రాసెను. గాని 431 ఎఫెసు మహాసభ నాటికి ఎలూసాకు బిషప్పు ఉండెను. సోబాతాలో, నేడు షివ్తా అనబడు చోట, మూడు దేవాలయముల గోడలు ఇంకను నిలిచియున్నవి. ఓబోదా, అనగా అవ్దాత్, తదితర మూడు పట్టణములతో కూడ 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చబడెను.

వీరు ఏమి తిని బ్రదికిరి? 1935లో ఆరంభమైన త్రవ్వకములలో నెస్సానా దేవాలయములలో పపైరసు పత్రములు దొరికినవి. పెండ్లి ఒప్పందములు, పన్ను రశీదులు, సైనికుల లెక్కలు, భూమి పంపకములు అందులో కలవు. ఒక పత్రములో విత్తిన గింజకు వచ్చిన పంట వ్రాయబడినది: గోధుమ సుమారు ఏడంతలు, యవలు సుమారు ఎనిమిదంతలు. ఎడారికి ఇది మంచి పంట. ఆదికాండము 26:12లో ఇస్సాకు గెరారులో, అదియు కరువు సంవత్సరమున, నూరంతలు పొందెనని చదివినప్పుడు ఆ ఆశీర్వాదపు కొలత ఎంతటిదో ఈ లెక్కవలన తెలియును. ద్రాక్షారసము ఇక్కడి ముఖ్య సరుకు. గాజా రేవు నుండి పొడవాటి జాడీలలో అది మధ్యధరా తీరములన్నిటికి పోయెను. గాజా నివాసియైన ప్రొకోపియసు అను పండితుడు ఎలూసాను గూర్చి ఒక ఉత్తరములో, అక్కడి నీరు ఉప్పనిదనియు, గాలి ఇసుకను ఊడ్చి ద్రాక్షతీగెల వేళ్లను బయటపెట్టుననియు వ్రాసెను. అనగా ఆ కాలపు నెగెబు స్వర్గము కాదు. నేడున్నట్లే గాలియు ఇసుకయు ఉప్పునీరును ఉండెను.

రహస్యము నీటి సేకరణలో నుండెను. కొండవాలున చిన్న రాతి గట్లు వేసి, జారు నీటిని కాలువలతో లోయలోని మడికి మళ్లించిరి. మడికి అడ్డముగా రాతి గోడలు. ఒక మడి నిండిన తరువాత మిగులు క్రింది మడికి. లెక్క ఇట్లుండును: 100 మి.మీ. వానలో నూటికి 15 పాళ్ళు జారిన చాలును. 20 ఎకరముల వాలు నుండి వచ్చిన నీరు ఒక ఎకరము మడికి 300 మి.మీ. వానతో సమానము. మడిలో పడిన వానను కలిపిన 400. ఒక ఎకరము పండుటకు ఇరువది, ముప్పది ఎకరములు నీళ్లు మోయవలెను. కొండల మీద గులకరాళ్లను కుప్పలుగా పోగుచేసిరి. బెదూయీనులు వాటిని ద్రాక్ష గుట్టలు అనిరి. వాటి ప్రయోజనమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములున్నవి. కొందరు నీరు ఎక్కువ జారుటకనియు, కొందరు మట్టి కొట్టుకొని వచ్చి మడిలో చేరుటకనియు చెప్పుదురు.

షివ్తాలో దొరికిన పెంకుల మీది వ్రాతలు మాకు మిక్కిలి ప్రియమైనవి. ఊరి నడుమ రెండు పెద్ద నీటి తొట్లు కలవు. ఫలానివాడు తొట్టి శుభ్రము చేయు తన వంతు పని తీర్చెనని ఆ పెంకులమీద రశీదులు వ్రాసియిచ్చిరి. ఎడారిలో నీరు నిలిచినది ప్రతి ఇంటివాడు తన వంతు పూడిక తీయుటవలన. మన సీమలో ఇది కొత్త మాట కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు యొద్ద 1369 నాటి శాసనము మంచి చెరువునకు ఉండవలసిన లక్షణములను, ఉండకూడని దోషములను చెప్పుచున్నది. వాన తక్కువైన చోట జనులు ఎచ్చటనైనను ఇదే జ్ఞానము నేర్చుకొనిరి.

5. వాన తగ్గినదా?

1869-70లో ఇ. హెచ్. పామర్ ఈ శిథిలముల గుండ నడచి 1871లో తన గ్రంథమును ప్రచురించెను. ఇన్ని దేవాలయములు, ఇన్ని మడులు ఈ ఎండు నేలలో ఎట్లు సాధ్యము అను ప్రశ్న అప్పటి నుండి పండితులను వెంటాడెను. అమెరికా భూగోళ శాస్త్రజ్ఞుడు ఎల్స్‌వర్త్ హంటింగ్టన్ 1911లో ఒక జవాబు చెప్పెను: అప్పుడు వాన ఎక్కువ, తరువాత తగ్గినది, వాతావరణము మారిన కొలది రాజ్యములు లేచును, పడును. 1914 ఆరంభమున లెనార్డ్ వూలీ, టి. ఇ. లారెన్స్ కొన్ని వారములు ఈ ప్రాంతమును పరిశీలించి దీనిని ఒప్పుకొనలేదు. వాతావరణము గణనీయముగా మారలేదు, మారినది మనుష్యుల శ్రమయు, పరిపాలనయు అని వారి అభిప్రాయము.

ఈ వాదమును తేల్చుటకు మాటలు చాలవని మైఖేల్ ఎవెనారి అను వృక్షశాస్త్రజ్ఞుడు, అతని సహకారులైన షానన్, తద్మోరు తలంచిరి. 1950ల చివర వారు షివ్తా, అవ్దాత్ యొద్ద ప్రాచీన పొలములను తిరిగి కట్టిరి. కొత్త నీరు తేలేదు. పాత గట్లు, పాత కాలువలు, నేటి వాన. బాదము, ఆప్రికాట్ వంటి పండ్ల చెట్లు, ద్రాక్ష, యవలు పండినవి. అనగా ఆ పట్టణములు పచ్చగా ఉండుటకు నేటి వానయే చాలును. అధిక వాన ఉండెనని ఊహించవలసిన అవసరము లేదు.

అయితే చరిత్రకారుడు ఒకే సాక్షితో తీర్పు చెప్పరాదు. యెరూషలేముకు పడమటనున్న సోరేకు గుహలోని సున్నపురాతి స్తంభముల పొరలను పరిశీలించిన పండితులు, క్రీ.శ. 100 నుండి 700 వరకు దేశము మొత్తము మీద ఎండుచు వచ్చెనని 2009లో ప్రచురించిరి. మృత సముద్రపు పాత గట్టులను కొలిచినవారు నాలుగవ శతాబ్దమున నీటి మట్టము ఎక్కువగా నుండెనని చెప్పుదురు. ఈ సాక్ష్యములు అన్నియు ఒకే మాట చెప్పవు. ఒక సంగతి మాత్రము స్థిరము: ఏ లెక్క చూచినను మార్పులు కొద్దిపాటివి. ఎడారి అప్పుడును ఎడారియే. సోరేకు లెక్క నిజమైనచో, వాన తగ్గుచున్న కాలముననే నెగెబు మిక్కిలి పచ్చనాయెనని చెప్పవలెను.

మన ప్రసంగములలోని మాటకు ఇది సూటియైన జవాబు. క్రీ.శ. 70 తరువాత ఆ దేశము శపింపబడి వానలు నిలిచినవనుట చరిత్రకు పొసగదు. ఎడారి చరిత్రలో గొప్ప పచ్చదనము 70 తరువాతనే, యూదులు చెదరియున్న కాలముననే, నబాతీయుల సంతతియైన అరబ్బు క్రైస్తవుల చేతులతోనే వచ్చినది.

6. పట్టణములు ఎందుకు పాడైనవి?

ఇక్కడ మరియొక సులభమైన మాట మన పుస్తకములలో కనబడును: ఏడవ శతాబ్దమున ముస్లిము సైన్యములు వచ్చి అంతయు పాడుచేసిరని. పాలస్తీనా 634 నుండి 640 వరకు జయింపబడెను. గాని ఎలూసా పట్టణపు చెత్త గుట్టలను త్రవ్వినవారు 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారము, ఊరి చెత్తను బయట పారవేయు ఏర్పాటు ఆరవ శతాబ్దపు నడుమనే ఆగిపోయినది. చెత్త ఎత్తుట ఆగిన పట్టణము అప్పటికే క్షీణించుచున్న పట్టణము. 2020లో వచ్చిన మరియొక పరిశోధనలో ఎలూసా, షివ్తా, నెస్సానా చెత్తలోని గింజలను లెక్కించిరి. ధాన్యపు గింజలతో పోల్చగా ద్రాక్ష గింజల పాలు ఆరవ శతాబ్దము నడుమకు శిఖరమునకు చేరి, పిమ్మట పడిపోయెను. అనగా సైన్యములు వచ్చుటకు దాదాపు నూరేండ్ల ముందే ద్రాక్ష వ్యాపారము కూలుట ఆరంభమాయెను.

ఆ కాలమున జరిగిన సంగతులు తెలిసినవే. 536లో అగ్నిపర్వతపు ధూళి సూర్యుని మసకపరచి ఉత్తరార్ధ గోళమున చలి తెచ్చెను. 541లో ఐగుప్తు పెలూసియము రేవున కనబడిన మహామారి గాజాకును, అక్కడ నుండి సామ్రాజ్యమంతటికిని వ్యాపించెను. దూరదేశములలో కొనువారు తగ్గిన, ఎడారిలో ద్రాక్ష నాటినవాడు మునుగును. నెగెబు రైతు తన వానను చక్కగా ఎరిగియుండెను; అతనిని దెబ్బతీసినది బజారు. ఓబోదా ఏడవ శతాబ్దపు ఆరంభమున భూకంపముచేత దెబ్బతినెను. నెస్సానాలో క్రైస్తవులు ఇస్లాము ప్రభుత్వము క్రింద కూడ దేవాలయములో పత్రములు వ్రాసికొనుచు, పన్నులు కట్టుచు బ్రదికిరి. అక్కడి చివరి తేదీగల పత్రములు 680ల నాటివి. తరువాత బెదూయీనులు పాత మడులలోనే వాన పడిన ఏట యవలు చల్లుకొనిరి. నేల ఎన్నడును పూర్తిగా నిర్జనము కాలేదు.

7. 1948 తరువాత

ఇక ఆ రైతు ప్రశ్న. వానతోనా, పైపుతోనా? 1964లో గలిలయ సముద్రపు నీటిని దక్షిణమునకు తెచ్చు జాతీయ జలవాహిని పూర్తియాయెను. 1965లో బెయేర్షెబా దగ్గరి హత్సెరీం కిబ్బుట్సులో బిందు సేద్యపు గొట్టముల తయారీ ఆరంభమాయెను. పట్టణముల మురుగునీటిని శుద్ధిచేసి నెగెబు పొలములకు పంపిరి. 2005 నుండి సముద్రపు నీటి ఉప్పు తీయు పెద్ద కర్మాగారములు వచ్చినవి. నేటి నెగెబు పచ్చదనము ఈ పనులవలన కలిగినది. వాన కొలతలలో 1948 తరువాత పెరుగుదల కనబడుట లేదు. రాబోవు దశాబ్దములలో తూర్పు మధ్యధరా ప్రాంతము ఇంకను ఎండునని వాతావరణ శాస్త్రజ్ఞులు హెచ్చరించుచున్నారు.

కాబట్టి జవాబు: పైపుతో. యెషయా 35ను నమ్ముట వేరు, దానికి రుజువుగా లేని వానను చూపుట వేరు. ప్రవచనము నెరవేరుటకు మన తప్పుడు లెక్కల సహాయము అక్కరలేదు. పైగా, నెగెబు పచ్చదనమును ఒక జాతి నీతికి, ఎండిపోవుటను మరియొక జాతి పాపమునకు అంటగట్టినప్పుడు, దాని నీడ మన కరువు సీమలోని విశ్వాసి మీద కూడ పడును. దేవుడు నీతిమంతుల మీదను అనీతిమంతుల మీదను వాన కురిపించునని ప్రభువు చెప్పెను (మత్తయి 5:45). వాన పడని చోట నీతి లేదనుటకు ఆయన మనకు అధికారమియ్యలేదు.

8. బోధకునికి కొన్ని సూచనలు

మొదటిది, "దక్షిణ దేశము" అను మాట వచ్చిన ప్రతి చోట ఆగి, ఇది దిక్కా, ఎండు నేలా అని విచారించవలెను. న్యాయాధి. 1:15లో కాలేబు కుమార్తె అక్సా తండ్రిని నీటి మడుగులు అడిగినది దురాశచేత కాదు. ఎండు నేలను మాత్రమే పొందిన స్త్రీ న్యాయమైన మనవి అది.

రెండవది, ఎండ, గాలి, మంచు, వాగు కనబడు వచనములలో మన ఊరి ఋతువులను చొప్పించక, ఆ దేశపు ఋతువులను ముందు వివరించి, తరువాత మన ఊరికి రావలెను.

మూడవది, వాతావరణమును దేవుని తీర్పుగా చెప్పబోవు వేళ భయము కలిగియుండవలెను. ఏలీయా దినములలో కరువు తీర్పని వాక్యమే చెప్పినది. ఇస్సాకు దినములలోని కరువును గూర్చి అట్లు చెప్పలేదు. వాక్యము చెప్పిన చోట మనము చెప్పుదుము, చెప్పని చోట నిదానింతుము.

ముగింపు

నెగెబు చరిత్ర ఒక మాటలో చెప్పవలెననిన: వాన కొంచెమే, ఎప్పుడును కొంచెమే, దానిని పట్టుకొన్న తరము బ్రదికినది. పట్టుకొన్న పనివారి పేర్లు మహాసభల పట్టికలలో లేవు. పెంకుల మీది రశీదులలో నున్నవి.

ఆ పల్లెకు మేము కొన్నేండ్ల తరువాత మరల వెళ్లితిమి. ప్రసంగమునకు ముందు ఆ పెద్దను సభలోనే పిలిచి, "అన్నా, మీరు అడిగినది సరియే. పైపుతోనే. నాడు మేము విచారించక చెప్పితిమి" అని ఒప్పుకొంటిమి. అతడు నవ్వి, "అయితే ఈసారి వాగును గూర్చి చెప్పండి అయ్యగారూ, మా చెరువు కట్ట పని ఎల్లుండి నుంచి" అనెను. ఆ రాత్రి మేము ఎలీషాను గూర్చియు, త్రవ్విన గోతులను గూర్చియు చెప్పితిమి. వాన వచ్చునని గాని, రాదని గాని చెప్పలేదు.